పేర్లు ఏరేసిన తీర్పు

ఇప్పుడు నా దగ్గర పనిచేసే జూనియర్లు ఫోను బయటికి తీసి, "దారి హక్కు మీద మనకు పనికొచ్చే తీర్పులు చెప్పు" అని దాన్నే అడుగుతారు. కాఫీ చల్లారేలోపు అది చెప్పేస్తుంది. చెప్పింది నిజమా కాదా అని చూసుకోవడానికి మాత్రం మిగతా పూటంతా పడుతుంది. నేను నల్లకోటు కొత్తగా తొడుక్కున్న రోజుల్లో ఈ సుఖం లేదు. తీర్పు కావాలంటే బీరువా తెరవాలి, తుమ్మాలి, తీర్పుల డైజెస్టు పుస్తకం కిందికి దించాలి, మళ్లీ తుమ్మాలి. బెజవాడ బార్‌లో అప్పటికి కంప్యూటర్ అంటే పిటిషన్లు టైపు చేసే మిషనే. దాంతో లా పాయింట్లు కూడా వెతికించవచ్చని నమ్మిన మనిషి నాకు తెలిసి ఒక్కర్తే ఉండేది. వయసు తక్కువ, నమ్మకం ఎక్కువ, ఒకరు చెబితే వినే రకం కాదు. ఆ పిల్ల గురించే ఈ నాలుగు మాటలూ.

మా నాన్న కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగి. ఆ పిల్లని, అంటే నన్ను, బీటెక్ చదివించాడు. బీటెక్ చేతికొచ్చాక లా చదువుతానని నేను ప్రకటిస్తే, మా అమ్మ చర్చిలో స్త్రీల కూడికలో ప్రార్థన విన్నపం పెట్టింది (నా మనసు మారాలని; మారలేదు). ఆ తర్వాత పటమటలో మా పెద్దమ్మ ఇంట్లో ఉంటూ, సూర్యారావుపేటలో ఒక సీనియర్ గారి ఆఫీసులో చేరాను. చేరిన వారానికే నా పేరు పోయి 'బీటెక్ లాయరు' అయ్యాను. క్యాంటీన్‌లో టీ ఇచ్చే ఆయన కూడా అలాగే పిలిచేవాడు. అందులో వెక్కిరింత ఉందని నాకు చాలా రోజులు తెలియదు. బిరుదు అనుకున్నాను.

సీనియర్ గారికి పొలం గట్ల కేసులంటే ప్రాణం. కుర్రతనంలో కొంతకాలం హైదరాబాదు హైకోర్టులో ప్రాక్టీసు చేసి, అక్కడి నీళ్లు పడక వెనక్కి వచ్చేశారని ఆయనే చెప్పేవారు. మనిషి పొడుగు, గొంతు అంతకన్నా పొడుగు, పళ్లు మాత్రం కట్టుడువి. పుస్తకాల్లో గుర్తులకు ఆయన పెళ్లి శుభలేఖలు చింపి పెట్టుకునేవారు. "ఆ పసుపు శుభలేఖ దగ్గర చూడమ్మా, కాలువ నీళ్ల కేసు ఉంటుంది" అనేవారు; చూస్తే ఉండేది. ఇంకో విచిత్రం, ఆయనకు ఏ కేసూ నంబరుతోనో, పాయింటుతోనో గుర్తుండదు. మనుషులతో గుర్తుంటుంది. "పనసపండు తెచ్చిన ఆయన కేసు", "కోర్టులో నిద్రపోయిన మునసబు గారి కేసు", ఇలా. పేరు చెబితే చాలు, ఆ మనిషి చెప్పుల రంగుతో సహా చెప్పేవారు. పేరు లేకపోతే ఆయనకు ఆ కేసు ఉన్నట్టే కాదు. ఇది పద్ధతి కాదనీ, న్యాయశాస్త్రానికి ఒక ఆర్డరు ఉండాలనీ నేను లోలోపల తీర్మానించుకున్నాను.

ఆర్డరు తేవడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. నెట్‌లో ఊరికే దొరికే తీర్పులన్నీ దించుకుని, మా పెద్దమ్మ వాళ్ల హాల్లో డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒక ప్రోగ్రాం రాశాను. దాని పని సులువే. మన పిటిషన్‌లో ఉన్న మాటలేమిటి, పాత తీర్పుల్లో ఉన్న మాటలేమిటి అని పోల్చి, ఎక్కువ పోలిక ఉన్నవాటిని వరసగా పైకి తేవాలి. మొదటిసారి నడిపినప్పుడు కాలువ గట్టు దారి గురించి అడిగితే, విడాకుల కేసు ఒకటి, కోళ్లఫారం అప్పు కేసు ఒకటి, పంచాయతీ ఎన్నికల గొడవ ఒకటి పైకి తేలాయి. జుట్టు పీక్కుని చూస్తే తప్పు మిషన్‌ది కాదు, మా డెల్టాది. కృష్ణా జిల్లాలో నాలుగు ఇంటిపేర్లే ఊరూరా తిరుగుతుంటాయి. ఇంటిపేరు కలిస్తే చాలు, మా ప్రోగ్రాం ఆ కేసులన్నిటికీ చుట్టరికం కలిపేస్తోంది (మా పెద్దమ్మ కూడా బస్సులో అదే పని చేసేది). ఇంక ఊరుకోలేదు. బియ్యంలో రాళ్లు ఏరినట్టు తీర్పుల్లోంచి కక్షిదారుల పేర్లు, ఊళ్ల పేర్లు, జడ్జీల పేర్లు, ఏ పక్షాన ఏ లాయరు వాదించాడో చెప్పే మొదటి లైన్లు, అన్నీ ఏరి పారేశాను. మిగిలింది స్వచ్ఛమైన న్యాయం. అప్పుడు చూడండి, గట్టు అడిగితే గట్టు, తూము అడిగితే తూము! ఆ రోజు మా పెద్దమ్మ చేసిన గోంగూర పచ్చడి ఏ రుచిగా ఉందో కూడా నాకు తెలియలేదు.

సరిగ్గా అప్పుడే మా మేనమామకు కష్టం వచ్చింది. మావయ్యది ఉయ్యూరు పక్కన పల్లె, చెరుకు రైతు. తాతల నాటి నుంచి వాళ్ల చెరుకు బళ్లు పక్క పొలం గట్టు మీదుగానే రోడ్డెక్కేవి. ఆ పక్క పొలం ఆసామి వరి మానేసి చేపల చెరువు తవ్వించి, గట్టుకు ఇనుప కంచె వేసి, "ఇది మా చెరువు గట్టు, చుట్టూ తిరిగి తూము మీంచి పోండి" అన్నాడు. ఆ తూము మీద సైకిల్ పోతుంది, మేక పోతుంది, చెరుకు లోడు ట్రాక్టరు పోదు. ఇటు చూస్తే చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే క్రషింగ్ సీజను ఆఖరికొచ్చింది. దారి తెరిపించమని కోర్టులో పిటిషన్ వేయించుకోవడానికి మావయ్య నా దగ్గరకే వచ్చాడు. మా బంధువర్గంలో నన్ను లాయరుగా గుర్తించిన మొదటి మనిషి ఆయనే. సీనియర్ గారి దగ్గరకు నేను తెచ్చిన మొదటి కేసూ అదే.

పిటిషన్ మాటలన్నీ ప్రోగ్రాంలో వేసి నడిపిస్తే, పైన తేలిన తీర్పు చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పాత హైకోర్టు తీర్పు. పొలం గట్టు, చెరుకు బండి, కంచె, చుట్టుదారి, అచ్చు మా మావయ్య కథే. కంచె వేసినాయన హైకోర్టుకు అప్పీలు వెళ్లాడు, అక్కడ ఓడిపోయాడు. "బండి పట్టని దారిని దారి అనలేము" అని జడ్జీగారు ఆయన లాయరు వాదనను కొట్టిపారేశారు. అంతలో మావయ్య ఫోను.

"అమ్మడూ, ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డరొచ్చిందే. కొట్టించమంటావా, ఆగమంటావా? నీ మిషనేమంటంది?"

"గెలుస్తామంటోంది మావయ్యా!"

"అయితే కూలోళ్లని పిలుస్తన్నా మరి."

(మిషన్ చెప్పింది పోలిక గురించి మాత్రమే. గెలుపు సంగతి నేను కలిపింది.) కొట్టిన చెరుకు ఆగదు. ఎండకు రసం ఇగిరిపోతుంది, తూకం పడిపోతుంది, ఆలస్యమైతే ఫ్యాక్టరీ తీసుకోదు. ఏడాది కష్టం నా మాట మీద పొలంలో కట్టలు కట్టి పడుకుంది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ అరచేతులు చెమటలు పడతాయి. అప్పుడు మాత్రం ఏమీ పట్టలేదు.

రెండ్రోజుల్లోనే కేసు బెంచి మీదికి వచ్చింది. ఆ పొద్దున సీనియర్ గారి చేతిలో నేను ప్రింటు తీసిన కాగితాలు పెట్టాను. పెద్ద అక్షరాలు, మధ్యలో పసుపు రంగు. పైన రిపోర్టు నంబరు, పేజీ. కింద పేర్లేవీ లేని స్వచ్ఛమైన న్యాయం. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివి, "ఎక్కడ పట్టావమ్మా దీన్ని! మన కేసుకు కొలతలు తీసి కుట్టినట్టుందే" అన్నారు. బీరువాలోంచి పుస్తకం తీసి చూపించమని అడగడం ఆయన అలవాటు. ఆ రోజు అడగలేదు. నా మిషన్ మీద ఆయనకు నమ్మకం కుదిరిందని నేను పొంగిపోయాను.

అవతలి పక్షాన వచ్చినాయన్ని బార్‌లో అందరూ 'తొందరేముంది గారు' అంటారు. ఏ కేసులోనైనా ఆయన మొదటి మాట అదే. వాయిదా ఇప్పించుకోవడంలో ఆయనను మించినవాళ్లు లేరు. చుట్టూ తూము మీద దారి ఉంది కదా అన్నదే ఈ కేసులో ఆయన వాదన. మాకు మంచి జరగకుండా ఉండాలంటే ఆయన గెలవనక్కర్లేదు, ఒక్క వాయిదా దొరికితే చాలు. మిగతా పని పొలంలో ఎండిపోతున్న చెరుకే చూసుకుంటుంది. కోర్టు హాలు వెనక బల్ల మీద మావయ్య తెల్ల చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు కూర్చున్నాడు.

సీనియర్ గారు లేచారు. తీర్పు చదివారు. చదివి ఊరుకుంటే ఎంత బాగుండేది! ఆయనకు ఊపు వచ్చింది. "చూడండి యువర్ ఆనర్, ఆ కేసులో ఓడిపోయిన లాయరుగారు ఏమని వాదించాడో చూడండి. చుట్టూ దారుంది కదా, అటు పొమ్మన్నాడు! ఆయన జన్మలో పొలంలో కాలు పెట్టాడో లేదో నాకు అనుమానమే. ఫ్యాను కింద కూర్చుని చేసిన వాదన అండీ ఇది. చెరుకు బండి అంటే ఏవిటో ఆయనకు బొమ్మ గీసి చూపించాల్సింది!" హాలంతా నవ్వు. జడ్జీగారు కూడా పెదవి చివర నవ్వి, రిపోర్టు నంబరు రాసుకుని, మిగతాది లంచ్ తర్వాత వింటామన్నారు.

ఆ లంచ్ అవర్ నా జీవితంలో మహర్దశ. క్యాంటీన్‌లో మసాలా దోసె తెప్పించుకుని మా అమ్మకు ఫోను చేసి, కూడికలో ఇంక విన్నపం తీసేసి కృతజ్ఞత చెప్పుకోమన్నాను. మావయ్య తెచ్చుకున్న పెరుగన్నం డబ్బా మూత తీస్తూ, "ఆ ఓడిపోయిన లాయరెవరోగానే, పాపం, మీ సారు ఉతికి ఆరేశారు కదే!" అని జాలిపడ్డాడు. "లా తెలియకపోతే అంతే మావయ్యా" అన్నాను.

లంచ్ తర్వాత తొందరేముంది గారు చేతిలో బార్ లైబ్రరీ పుస్తకం పట్టుకుని వచ్చారు. పాత క్యాలికో బైండు, దుమ్ము కూడా పూర్తిగా దులపలేదు. "తొందరేం లేదండీ, ఒకే ఒక్క లైను చదువుతాను" అని మొదలుపెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, పేజీ సరిచేసుకుని, ఓడిపోయిన అప్పీలుదారు తరఫున వాదించినవారి పేరు చదివారు. ముందు ఇంటిపేరు, తర్వాత ఇనీషియల్స్, తర్వాత పేరు, తర్వాత 'అడ్వొకేట్'. ఒక్కొక్కటీ విడివిడిగా, ఆగి ఆగి.

మా సీనియర్ గారి పేరు.

ముందు ఎక్కడో ఒక నవ్వు, ఆ వెనక అందరి నవ్వూ. తొందరేముంది గారు మాత్రం నవ్వలేదు. "ఈ తీర్పు మీద మా మిత్రుడికే రెండు అభిప్రాయాలున్నట్టున్నాయి. నేను నిదానంగా చదువుకుని రావాలి కదండీ, రెండు వారాలు వాయిదా ఇప్పించండి" అన్నారు. రెండు వారాలు! వెనక్కి తిరిగి చూశాను. మావయ్యకు ఇంగ్లీషు ముక్కలు అర్థం కాకపోయినా వాయిదా అన్న మాట అర్థమైంది. లేచి నిలబడ్డాడు. నవ్వుతున్న అందరి మధ్యలో నవ్వని మొహం ఆయనదొక్కటే. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ, అది ఊడి నా మీద పడితే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. సీనియర్ గారు అవమానం భరించలేక వాయిదాకు ఒప్పేసుకుని బయటికి నడిస్తే, ఆయనను ఎవరూ తప్పుపట్టరు.

ఆయన నడవలేదు. చెయ్యి చాచి ఆ పుస్తకం అడిగి తీసుకున్నారు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని పేజీ పైనుంచి చదివారు. కక్షిదారుడి పేరు దగ్గరకు రాగానే ఆయన మొహం వెలిగింది. "ఓహో! మామిడికాయల ఆసామి!" అన్నారు పైకే. "ప్రతి వాయిదాకూ బుట్టెడు కాయలు తెచ్చేవాడండీ. మంచి మనిషి. కేసే మంచిది కాదు." హాలు మళ్లీ నవ్వింది, ఈసారి వేరే రకంగా. ఆయన పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు.

"యువర్ ఆనర్, ఆ లాయరు నేనే. పొద్దున నేను తిట్టింది నన్నే. తిట్టు వెనక్కి తీసుకోను, అందులో అబద్ధమేమీ లేదు. అప్పట్లో హైదరాబాదులో ఫ్యాను కిందే కూర్చునేవాణ్ణి. చుట్టుదారి ఉంది కదా అన్న వాదన ఎంత దూరం పోతుందో ఈ హాల్లో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. నేను హైకోర్టు దాకా తీసుకుపోయాను, అక్కడ ఆగిపోయింది. నేను అరిగిపోయేదాకా వాడి పారేసిన వాదన తీసుకొచ్చి, ఇవాళ మా మిత్రుడు కొత్తదని చెబుతున్నారు. దీనికి ఇంకా చదువుకోవడానికి రెండు వారాలెందుకండీ? ఆయనకేం సందేహాలున్నా నన్నడగమనండి. అక్కడ, పొలంలో, చెరుకు కొట్టి ఉంది."

జడ్జీగారు తలవంచి రాసుకుంటూ, "కౌన్సెల్ గారు తన సొంత ఓటమిని ఇంత బాగా వాదించడం ఈ కోర్టు మొదటిసారి వింటోంది" అన్నారు. వాయిదా ఇవ్వలేదు. కేసు తేలేదాకా ట్రాక్టరు పోయేంత మేర కంచె తీసేయమని అప్పటికప్పుడు ఉత్తర్వు చెప్పారు. మావయ్య బయటికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, వెంటనే ట్రాక్టరు వాడికి ఫోను చేయడానికి పరిగెత్తాడు. మర్నాడు చెరుకు ఫ్యాక్టరీకి చేరింది.

తిరుగు ప్రయాణంలో సీనియర్ గారి పాత మారుతి కారులో ముందు సీట్లో నేను కూర్చున్నాను. మనల్ని ఇంక రావద్దంటారు, సందేహం లేదు. బీటెక్ సర్టిఫికెట్ ఎక్కడ పెట్టానా అని ఆలోచిస్తున్నాను. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ ఆగాక ఆయన నోరు విప్పారు.

"ఆ కాగితాల్లో పేర్లు ఏమయ్యాయమ్మా?"

"తీసేశాను సార్. పోలిక చూడ్డానికి అడ్డమొస్తున్నాయని. అవి అనవసరం అనుకున్నాను."

ఆయన ముందున్న బస్సు వెనక రాసినవన్నీ చదివారు. కోపం కనిపించలేదు. కోపం ఉంటేనే నాకు తేలికగా ఉండేది. "తీర్పు జడ్జీగారిది, పొలం రైతుది, ఫీజు ఇంటి ఖర్చులకు పోతుంది. ఇంత గొంతు చించుకున్నందుకు లాయరుకు ఎక్కడైనా మిగిలేది పేరున్న ఆ ఒక్క లైనేనే తల్లీ" అన్నారు. గ్రీన్ లైటు పడింది. వెనక వాళ్లు హారన్లు కొడుతుంటే కారు కదిలించారు. నాకు ఏడుపొచ్చింది, కిటికీ వైపు తిరిగాను.

ఆ వారమంతా కూర్చుని, ఏరేసిన పేర్లన్నీ మళ్లీ తెచ్చి పెట్టాను. పోలికలో కలవకుండా, ప్రింటులో మాత్రం కనిపించేలా. పని అయిందని చెబితే సీనియర్ గారు ఆఫీసు తలుపు దగ్గరికి వేసి వచ్చి, గుమాస్తా లేడని చూసుకుని, గొంతు తగ్గించి, "నా పేరు కొట్టు చూద్దాం" అన్నారు. కొట్టాను. హైదరాబాదు రోజుల నాటి తీర్పులు ఒకటొకటిగా తెర మీదికి వచ్చాయి. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని చదవడం మొదలుపెట్టారు. ఒక్కో పేరుకూ ఒక్కో మనిషి లేచి వచ్చాడు. కుంటి గేదె ఆయన, ఉత్తరాల్లో పద్యాలు రాసే ఆవిడ, ఫీజు బదులు కొండపల్లి ఏనుగు బొమ్మ ఇచ్చిపోయిన ఆయన (ఆ ఏనుగు అప్పటికీ ఆయన టేబుల్ మీద కాగితాలు ఎగిరిపోకుండా కాపలా కాస్తోంది). చాలాసేపు చదివి, చిన్నపిల్లాడిలా నా వంక తిరిగారు.

"ఓడినవే ఎక్కువున్నాయేంటమ్మా?"

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గెలిచినవి కింది కోర్టులోనే తేలిపోయి ఉంటాయి సార్. పై కోర్టు దాకా రాకపోతే రిపోర్టులో ఎక్కడుంటాయి?"

ఆయన కట్టుడు పళ్లన్నీ కనిపించేలా నవ్వారు. "ఇప్పుడయ్యావమ్మా లాయరువి" అన్నారు. మావయ్య పంపిన చెరుకు గడల కట్ట మూలన నిలబెట్టి ఉంది. ఆయన నమలలేరు కాబట్టి ఆ సాయంత్రం మేము రసం తీయించుకుని తాగాం.

సీనియర్ గారు ఇప్పుడు కోర్టుకు రావడం లేదు. ఆ ఏనుగు నా టేబుల్ మీదికి వచ్చింది. మొన్న మా జూనియర్ పిల్ల ఫోను తెచ్చి, తనకు దొరికిన తీర్పు సారాంశం గడగడా చదివింది. అంతా ముక్తసరిగా, శుభ్రంగా ఉంది. "లాయర్లెవరు?" అని అడిగాను. "అది అవసరమా మేడమ్?" అంది. తప్పు ఆ పిల్లది కాదు, ఆ వయసుది. ఫోను తీసుకుని పూర్తి తీర్పు తెరిచి, పైకి జరిపి చూశాను. ఓడిన పక్షాన నా పేరే ఉంది. పైగా ఇనీషియల్ తప్పు పడింది. ఆ లైను చూసి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నానో ఆ పిల్లకు అర్థం కాలేదు. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న బీటెక్ లాయరమ్మ పక్కనుంటే, నా పేరును కూడా బియ్యంలో రాయి అనుకుని ఏరి పారేసేదే కదా అనుకున్నాను.